పాకిస్తాన్ బాజా మీద కాదు, తూటా మీద పడండి!

నమస్తే అండీ. ఆగస్టు వచ్చిందంటే చాలు, మన ఫోన్లన్నిటికీ ఒకటే వీడియో. పాకిస్తాన్‌లో ఏదో వీధి, నోట్లో ప్లాస్టిక్ బూరలు పెట్టుకున్న కుర్రాళ్లు, చెవులు చిల్లులు పడేలా పోంయ్ పోంయ్. కింద మనవాళ్ల కామెంట్లు, ‘పిచ్చి పట్టిందా వీళ్లకి’ అని. మనం ఎంత తిడతామో వాళ్ల దేశంలోవాళ్లు అంతకు రెట్టింపు తిడతారు. నేను ఈరోజు ఒక్క మాట చెప్పడానికే వచ్చాను. ఆ బూర ఊదే పిల్లాడి తప్పేం లేదు. మళ్లీ చెప్తున్నా, తప్పేం లేదు! ఏడాది పొడుగునా వీధికి తాళం వేసి, వాళ్ల స్వాతంత్ర్య దినం ఆగస్టు 14న ఒక్కరోజు తీశారు చూడండి, తప్పు వాళ్లది.

దాన్ని వాళ్లు బాజా అంటారు. మన తిరునాళ్లలో అమ్మే బూర లాంటిదే, కాస్త పొడుగు. దానికి సరిగమలు రావు, ఒకటే అరుపు. ఆగస్టు మొదటి వారం నుంచే రోడ్డు పక్కన బల్లలు వెలుస్తాయి. జెండాలు, బ్యాడ్జీలు, ఆకుపచ్చ తెలుపు గాజులు, చంటిపిల్లల కుర్తాలు, వాటి పక్కనే బాజాల కుప్ప. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి దారాలు కట్టి కాగితం జెండాలు అంటిస్తారు. అసలే వానాకాలం. ఒక్క జల్లు పడిందంటే అన్నీ రోడ్డు మీదే. పండగైపోయాక ఆ తడి కాగితాలను తొక్కనివ్వకుండా ఒక్కొక్కటే ఏరి దాచేవాళ్లు కూడా ఉన్నారండీ. ఆ వీడియో మాత్రం మనదాకా రాదు.

సర్కారు పండగ వేరు. పొద్దున్నే ఇస్లామాబాద్‌లో 31 సార్లు ఫిరంగి పేలుస్తారు, రాష్ట్ర రాజధానుల్లో 21 సార్లు. కరాచీలో జిన్నా సమాధి దగ్గర కాపలా మారే కవాతు జరుగుతుంది. చాలా పద్ధతిగా ఉంటుంది, కాదనను. కానీ అది టీవీలో చూసే పండగ. గల్లీ కుర్రాడికి అందులో చోటేది?

ఈలోగా కామెంట్లలో ఎవరో ఒకరు అడుగుతారు, ‘అన్నా, వాళ్లకి 14, మనకి 15 ఎందుకు’ అని. గబగబా చెప్పేస్తా. బ్రిటిష్ పార్లమెంటు చట్టంలో రెండు దేశాలకూ తేదీ ఒకటే, 1947 ఆగస్టు 15. జిన్నా రేడియోలో పాకిస్తాన్ పుట్టినరోజు ఆగస్టు 15 అనే చెప్పాడు. 1948 జూలైలో వాళ్లు వేసిన తపాలా బిళ్లల మీద కూడా 15వ తేదీయే ఉంది. ఆ ఏడాదే ప్రభుత్వం పండగను ఒకరోజు ముందుకు జరిపింది. అంతే, దీని మీద కొట్టుకోకండి.

మళ్లీ వీధి దగ్గరికి వద్దాం. 1984లో అప్పటి సైనిక పాలకుడు జియా ఉల్ హక్ విద్యార్థి సంఘాలను నిషేధించాడు. అంటే కాలేజీ కుర్రాళ్లు నలుగురు కలిసి గొంతెత్తే చోటు పోయింది. లాహోర్‌లో బసంత్ అని గాలిపటాల పండగ, ఊరు ఊరంతా మేడలెక్కేది. గాజుపొడి దారం మనుషుల గొంతులు కోస్తోందని 2005లో సుప్రీంకోర్టు అడ్డుకుంది. కారణం నిజమే, ప్రాణాలు పోయాయి. కానీ దారాన్ని ఆపలేక పండగనే ఆపేశారు, 2007 తర్వాత ఏళ్ల తరబడి ఆకాశం ఖాళీ. 2017లో ఇస్లామాబాద్ హైకోర్టు ప్రేమికుల రోజును బహిరంగంగా జరపొద్దంది. ఇన్ని వద్దుల మధ్య పెరిగిన కుర్రాడికి మిగిలింది ఏమిటి? ఆగస్టు 14! చేతిలో జాతీయ జెండా ఉన్నవాణ్ని ఏ పోలీసు ఆపుతాడు? ఏ మౌల్వీ తిడతాడు? ఆ జెండా గేటు పాసు అండీ. ఏడాది అల్లరి మొత్తం ఆ ఒక్కరోజు బూరలోంచి బయటికొస్తోంది.

కరాచీకి బసంత్ ఎక్కడిదని అంటారేమో. నిజమే, అది పంజాబ్ పండగ. కరాచీ కుర్రాడికి ఆ మాత్రం కూడా లేదు, నా మాటకి బలమే కదా!

మరి ఆ తాళం అందరికీ తీశారా? లేదు. 2021 ఆగస్టు 14న లాహోర్‌లో, మినార్-ఎ-పాకిస్తాన్ అనే స్మారక స్తంభం ఉన్న పార్కులో వీడియో తీసుకుంటున్న ఒక అమ్మాయి మీద గుంపు పడింది. బట్టలు చించారు, గాల్లోకి ఎగరేశారు. పోలీసులు గుర్తు తెలియని 400 మంది మీద కేసు పెట్టారు. నాలుగు వందల మంది! వాళ్లని నేను వెనకేసుకు రాను, బాజా ఊదినవాడితో వాళ్లని కలపనూ కలపను. పండగ రోజు పార్కుకి వెళ్లడం ఆ పిల్ల చేసిన నేరమా? ఆ ఒక్కరోజు కూడా వీధి మగాళ్లదే అయిపోయింది.

ఇంత జరుగుతుంటే అధికారులు దేని మీద పడ్డారో తెలుసా? బాజా మీద. ఇస్లామాబాద్‌లో, ఇంకొన్ని ఊళ్లలో అమ్మకాలు ఆపమని ఉత్తర్వులు ఇచ్చారు. దుకాణదారుడి సరుకు లాక్కుపోవడం తేలిక. సైలెన్సర్లు పీకేసిన బైకుల మీద పడ్డా అర్థం ఉంది. ఒంటి చక్రం మీద బైకు లేపి తలలు పగలగొట్టుకునేవాళ్లని ఆపాలి. మన దగ్గర ఆ సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద తొక్కించలేదా?

కరాచీలో హైదరాబాద్ కాలనీ అని ఉంది. విభజన తర్వాత మన దక్కన్ నుంచి వెళ్లినవాళ్ల పేట. ఇప్పటికీ అక్కడ పచ్చళ్లు, బగారా బైంగన్, మిర్చీకా సాలన్ అంటే పేరు. ఆ పేటైనా, ఏ పేటైనా, 13వ తేదీ రాత్రి 12 కొట్టగానే కరాచీ ఆకాశం మోగిపోతుంది. టపాసులే కాదు, తుపాకులు కూడా. 2025లో ఆ ఒక్క రాత్రి గాల్లోకి కాల్చిన తూటాలకు కరాచీలో ముగ్గురు చనిపోయారు. 60 మందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో 8 ఏళ్ల పాప ఉంది. ఎనిమిదేళ్లండీ! పైకి కాల్చిన తూటా పైనే ఉండిపోతుందా? ఎవరో ఒకరి నెత్తిన దిగాల్సిందే కదా! గాల్లోకి కాల్చడం అక్కడా నేరమే. అయినా ప్రతి ఆగస్టులో కాలుస్తూనే ఉన్నారు, ప్రతి ఆగస్టులో ఆసుపత్రులకు మోసుకెళ్తూనే ఉన్నారు. వీధిలో బూర ఊదే పిల్లాడికి తుపాకి ఎక్కడిది? అది పెద్దవాళ్ల చేతిలో, మేడల మీద ఉంది. అక్కడికి ఎక్కి లాక్కోండి!

వచ్చే ఆగస్టులో ఆ బాజా వీడియో మీ ఫోనుకి వస్తే, ఆపేయకండి. సౌండ్ పెంచి వినండి. పోంయ్ పోంయ్ వెనకాల, దూరంగా, టపటపమని ఇంకో చప్పుడు వినబడుతుందేమో చూడండి. అది టపాసో తూటానో కింద రోడ్డు మీద నడిచే పాపకి తెలియదు.