అనేక్ తెలుగు ఫాంట్ రివ్యూ: ఆ వెడల్పు స్లైడర్ ఒక్కటీ చాలు

నమస్కారం అండి, విశాఖపట్నం నుంచి. ఈ రోజు ఫాంటు అనేక్ తెలుగు. ఫాంట్లు గీసే ఎక్ టైప్ సంస్థ వాళ్లు చేసింది, 2022లో గూగుల్ ఫాంట్స్‌లోకి వచ్చింది. ఉచితం, షాపు బోర్డులకీ వాడుకోవచ్చు. ఈ వీడియోకి ఎవరూ డబ్బులివ్వలేదు. నేరుగా వెడల్పు స్లైడర్‌కి, అంటే అక్షరాల్ని ఇరుగ్గానో వెడల్పుగానో మార్చే మీటకి వెళ్లిపోదాం.

పదడుగుల బోర్డులో "సీతమ్మధార టిఫిన్ సెంటర్" పట్టట్లేదనుకోండి. మామూలుగా ఏం చేస్తారు? అక్షరాల్ని పక్కల నుంచి నొక్కేస్తారు. నిలువు గీత సన్నబడిపోతుంది, అడ్డగీత లావుగానే ఉంటుంది. సున్నా నిలబెట్టిన కోడిగుడ్డైపోతుంది. గీత మందం అంతటా ఒకేలా కనిపించడమే ఇలాంటి ఫాంటుకి అందం, అదే పోయింది!

అనేక్‌లో వెడల్పు 75 నుంచి 125 దాకా జరుపుకోవచ్చు, మామూలు వెడల్పు 100. 75కి తెచ్చినా గీత మందం చెడదు, ఎందుకంటే ఆ ఇరుకు రూపాన్ని విడిగా గీశారు. హింద్ గుంటూరు కూడా శుభ్రమైన ఫాంటే. లైట్ నుంచి బోల్డ్ దాకా ఐదు వెయిట్లు, అంటే గీత మందాలున్నాయి గానీ ఈ వెడల్పు సౌకర్యం లేదు. మండలి అనే ఇంకో ఫాంటులో ఉన్నది ఒక్క వెయిటే.

బోర్డులు డిజైన్ చేసే అడోబీ ఇల్లస్ట్రేటర్‌లో ముందు ప్రిఫరెన్సెస్, టైప్‌లో ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేయండి. తర్వాత పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోండి. ఇది మరిచిపోతే "స్త్రీ" పొల్లులతో ముక్కలవుతుంది, తప్పు ఫాంటుది కాదు. అను అనే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టిన మేటర్ నేరుగా అతికిస్తే పిచ్చి గుర్తులొస్తాయి. ఇప్పుడు అంతటా వాడే యూనికోడ్‌లోకి మార్చుకుని తెచ్చుకోండి. ఫ్లెక్స్ షాపుకి పంపేముందు ఒక కాపీ దాచుకుని, రెండోదానికి క్రియేట్ అవుట్‌లైన్స్ కొట్టండి, అక్షరాలు బొమ్మలుగా మారిపోతాయి. లేదంటే అక్కడి కంప్యూటర్‌లో ఫాంటు లేక వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు చిరాకు సంగతి. ఇల్లస్ట్రేటర్ తనంతట తాను పెట్టే వరుసల దూరం, అంటే ఆటో లీడింగ్, అక్షరం సైజులో 120 శాతం. ఇంగ్లీషుకి సరే, మనకి చాలదు. పైన "మద్దిలపాలెం", కింద "విశాఖపట్నం" పెట్టి చూడండి: పై వరుస ద వత్తు కింది వరుస అక్షరాల మీదికి దిగిపోతుంది. 150 నుంచి 160 పెట్టుకోండి. వెబ్‌సైట్‌లో బటన్ ఎత్తు ఇంగ్లీషు లెక్కన బిగిస్తే వత్తుల కాళ్లు తెగిపోతాయి.

ఇంకోటి, చిన్న సైజుకి బాగా లావుగా ఉండే ఎక్స్‌ట్రాబోల్డ్ వెయిట్ వద్దండి. ధ కింద ఒత్తు గీత పూడుకుపోతే సీతమ్మధార కాస్తా "సీతమ్మదార" అవుతుంది. ప మీద తలకట్టు విడిగా ఉండాలి, ఆ సందు మూసుకుంటే వ అనిపిస్తుంది. విజిటింగ్ కార్డుకి మీడియం చాలు. ఒకటి ప్రింట్ తీసి చేయి చాచి చూడండి, స్క్రీన్‌ని నమ్మొద్దు.

కథల పుస్తకం మొత్తానికి నేనిది వేయను. బోర్డు, మెనూ కార్డు, యాప్, బస్‌స్టాపు పేర్లు... వీటికి మాత్రం నా మొదటి ఎంపిక ఇదే. వెడల్పు 75లో మీ షాపు పేరు కొట్టి, స్క్రీన్‌షాట్ కామెంట్లలో పెట్టండి.