214 కోట్లు దాటితే మైనస్ ఎందుకవుతుంది?

[స్క్రీన్ మీద: 2,14,74,83,647]

ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకు ఈ అంకెలు చూడగానే గుర్తొచ్చేది ఓవర్‌ఫ్లో, అంటే సంఖ్య దానికిచ్చిన చోటులో పట్టకపోవడం. కంప్యూటర్ ఒక సంఖ్యకు 32 బిట్లు (ఒక్కోదాంట్లో 0 గానీ 1 గానీ పట్టే గళ్లు) కేటాయిస్తే, వాటిలో ఒకటి ప్లస్సా మైనస్సా చెప్పడానికే పోతుంది. మిగిలిన 31 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇది: 31 రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది. దీనికి ఇంకో ఒకటి కలిపారా, చాలా సిస్టమ్‌లలో జవాబు మైనస్ 2,14,74,83,648 అయి కూర్చుంటుంది. 2014 డిసెంబరులో గంగ్నమ్ స్టైల్ పాట వీడియో వ్యూస్ ఈ హద్దు దాటాయి. యూట్యూబ్ తన కౌంటర్‌ను 64 బిట్లకు మార్చుకుంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టే పాత సిస్టమ్‌లకు 2038 జనవరి 19న ఇదే గండం.

ఇదంతా చాలామందికి తెలిసిందే. నాకు ముచ్చటేసే సంగతి వేరే ఉంది. ఈ 2,14,74,83,647 ఒక ప్రధాన సంఖ్య. ఆ మాట 1772లోనే తేల్చేశారు గణితవేత్త ఆయిలర్. చేతి లెక్కతో! అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది కూడా.

మామూలుగా అయితే దీని వర్గమూలం దాకా, అంటే 46,340 లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి దాదాపు 4,800. అంత చాకిరీ అక్కర్లేకుండా రెండు షరతులు పనికొచ్చాయి. దీనికి ప్రధాన కారణాంకం అంటూ ఉంటే, దాన్ని 62తో (31కి రెట్టింపు) భాగిస్తే 1 మిగలాలి. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి.

[స్క్రీన్ మీద: 63, 249, 311, 497, 559...]

ఈ జల్లెడలో నిలిచేవి ఇవి. 63, 249 మూడో ఎక్కంలోనే పోతాయి, వదిలేయండి. 311 మాత్రం ప్రధాన సంఖ్య. దాంతో భాగిద్దాం: 69,05,092 సార్లు పోయి 35 మిగిలింది. కాదన్నమాట. తర్వాత 497 ఏడో ఎక్కంలో పోతుంది, 559 అంటే 13 × 43. ఇలా కొట్టేసుకుంటూ వెళ్తే మళ్లీ భాగించాల్సింది 1,303తోనే! మొత్తం మీద భాగహారాలు 372కి మించవు. ఏ ఒక్కటీ శేషం లేకుండా పోలేదు. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు దీన్ని మించిన ప్రధాన సంఖ్యను ఎవరూ నిరూపించలేకపోయారు.

మరి కంప్యూటర్లు తయారుచేసినవాళ్లు కావాలనే ప్రధాన సంఖ్యను పెట్టుకున్నారా? అబ్బే, వాళ్లు చూసుకున్నది బిట్ల లెక్కే. 16 బిట్ల హద్దు 32,767 తీసుకోండి: 7 × 31 × 151. అక్కడ గుణించేది 15 రెండ్లను. 15 ప్రధాన సంఖ్య కాదు కాబట్టి వచ్చేదీ కాదు. 64 బిట్లకు 63 రెండ్లు. ఆ పంతొమ్మిది అంకెల సంఖ్య ఏడో ఎక్కంలో పోతుంది. పోనీ రెండ్ల లెక్క ప్రధాన సంఖ్య అయితే చాలా అంటే, అదీ గ్యారంటీ కాదు: 11 రెండ్లతో వచ్చే 2,047 అంటే 23 × 89. 31కి కలిసొచ్చిందంతే. 128 బిట్ల దగ్గర 127కీ అలాగే కలిసొచ్చింది. 39 అంకెలున్న ఆ సంఖ్య ప్రధానమని 1876లో ఫ్రెంచ్ గణితవేత్త ఎడ్వార్డ్ లూకా చూపించారు, అదీ కంప్యూటర్ లేకుండానే.