టోటల్ తప్పు కాదండీ బాబూ!

"పవర్ బీఐలో కింద టోటల్ తప్పొస్తోంది, బగ్ ఉంది." రిపోర్టులు తయారుచేసే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ పవర్ బీఐ గురించి ఈ మాట విని విని విసుగొచ్చేసింది. బగ్గూ లేదు, గిగ్గూ లేదు. ఇవాళ తేల్చేద్దాం.

[స్క్రీన్ మీద టేబుల్]

ఒక బేకరీ అనుకోండి, మూడు బ్రాంచీలు. ఈ నెల కస్టమర్లు కూకట్‌పల్లిలో 300, అమీర్‌పేటలో 400, దిల్‌సుఖ్‌నగర్‌లో 250. కలిపితే 950. కింద టోటల్ మాత్రం 820. మరి ఆ 130?

ఒకాయన ఇల్లు కూకట్‌పల్లి, ఆఫీసు అమీర్‌పేట, అత్తగారిల్లు దిల్‌సుఖ్‌నగర్. మూడూ మెట్రో రెడ్ లైన్ మీదే. ఎక్కడ దిగినా ఉస్మానియా బిస్కెట్లు కొంటారు. మూడు వరసల్లోనూ ఉన్నారు, మనిషి ఒక్కరే. ఒక్కొక్కరినీ ఒక్కసారే లెక్కపెట్టే ఫార్ములా డిస్టింక్ట్‌కౌంట్. అది టోటల్ దగ్గర పై వరసల్ని కలపదు, మొత్తం డేటా మీద మళ్లీ మొదట్నుంచి లెక్కపెడుతుంది.

"ఓహో, అయితే 130 మంది ఒకటికి మించి బ్రాంచీల్లో కొంటున్నారన్నమాట." ఆగండి, అదీ కాదు! రెండు బ్రాంచీల్లో కొన్నవారు ఒకసారి ఎక్కువ పడతారు, మన రెడ్ లైన్ అల్లుడుగారు రెండుసార్లు. రెండు చోట్ల కొన్నవాళ్లు 110, మూడు చోట్లా కొన్నవాళ్లు 10 అయితే, 110కి 20 కలిపి 130. మనుషులు మాత్రం 120.

950యే కావాలంటే, ఒక్కో బ్రాంచీకీ లెక్కేసి కూడే సమ్‌ఎక్స్ ఫార్ములాలో బ్రాంచీ కాలమ్ వాల్యూస్ ఇచ్చి కలిపించొచ్చు. ఆ మెజర్‌కి, అంటే ఆ లెక్క ఫార్ములాకి, 'కస్టమర్లు' అని మాత్రం పేరు పెట్టకండి, దయచేసి.

అసలు భయపడాల్సింది టోటల్ 950కి దగ్గరగా వచ్చినప్పుడు. కస్టమర్ని గుర్తుపట్టేది ఫోన్ నంబరుతోనే కదా. అల్లుడుగారి నంబరు ఒక కౌంటర్లో +91తో, ఇంకోచోట ముందు సున్నాతో, మరోచోట మధ్యలో స్పేస్‌తో కొట్టారు. ఒక్క మనిషి ముగ్గురయ్యారు. కూడిక సరిపోయింది కదా అని అందరూ సంతోషం!

డేటాని శుభ్రం చేసుకునే పవర్ క్వెరీలో ఆటోమేటిక్‌గా పడే చేంజ్డ్ టైప్ స్టెప్‌లో ఫోన్ కాలమ్ టైప్‌ని టెక్స్ట్‌గా మార్చండి. టెక్స్ట్ డాట్ సెలెక్ట్‌తో 0 నుంచి 9 అంకెలే ఉంచి, టెక్స్ట్ డాట్ ఎండ్‌తో చివరి 10 తీసుకోండి. కస్టమర్ టేబుల్‌లో రిమూవ్ డూప్లికేట్స్ దీని తర్వాతే. ముందు చేస్తే ఆ ముగ్గురూ అలాగే ఉంటారు.

నంబర్ ఇవ్వనివాళ్లకి క్యాషియర్ పది తొమ్మిదులు కొడతారు. వాళ్లంతా కలిసి రిపోర్టులో మీ టాప్ కస్టమర్ అయిపోతారు. దాన్ని నల్, అంటే ఖాళీ, చేసేయండి. డిస్టింక్ట్‌కౌంట్ ఆ ఖాళీని, అంటే బ్లాంక్‌ని కూడా ఒకరిగా లెక్కేస్తుంది కాబట్టి, డిస్టింక్ట్‌కౌంట్‌నోబ్లాంక్ వాడండి.

టైమైపోతోంది, గబగబా రెండు. డేటాని కామాలతో విడదీసి ఉంచే సీఎస్‌వీ ఫైల్ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి. 91తో కలిపి 12 అంకెల నంబరు 'E+11' అని చివర వచ్చే పొట్టి రూపంలోకి మారి, చివరి అంకెలు పోతాయి. నేరుగా పవర్ క్వెరీకే ఇవ్వండి. డేటాని గుంపులుగా లెక్కేసి చూపే ఎక్సెల్ పివట్ టేబుల్‌లో డిస్టింక్ట్ కౌంట్ కనపడట్లేదా? పివట్ పెట్టేటప్పుడే 'యాడ్ దిస్ డేటా టు ద డేటా మోడల్' టిక్ చేయాలి. మర్చిపోతే పివట్ మళ్లీ పెట్టుకోవాల్సిందే.