బియ్యం ఉన్నా పొయ్యి వెలగని ఇళ్లు: అనంతపురం స్టూడియో చర్చ

యాంకర్: పల్లెల్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ల తిండి గురించి ఈ రోజు చర్చ. డీలరన్నా, రేషన్ బియ్యం ఇంటికే వస్తుంటే ఇంక ఆకలెక్కడ అంటున్నారు చాలామంది.

డీలర్: వస్తున్నాయి సార్. 2025 జూన్‌లో వీధుల్లోకి రేషన్ తెచ్చే బండ్లు ఆపేసి షాపులు తెరిచినా 65 దాటినవాళ్లకి, దివ్యాంగులకి ఇంటికే ఇస్తున్నాం. తలకి 5 కిలోలు, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డైతే ఇంటికి 35. కానీ కొన్ని ఇళ్లలో పోయిన నెల బియ్యం డబ్బాలో సగం అట్లే ఉంటాయి.

యాంకర్: ఎందుకట్లా అవ్వా?

అవ్వ: ఒక్కదానికి ఏం వండుకునేది నాయనా? పొద్దున ఇంత అన్నం వండితే రాత్రికీ అదే, ఊరగాయేసుకుని. మా ఆయన ఉన్నప్పుడు సంగటి కెలికేదాన్ని, ఇప్పుడు తెడ్డు తిప్పాలంటే భుజం లేవదు. బెంగళూరు నుంచి పిల్లోడు ఫోన్ చేసి తిన్నావా అంటాడు, తిన్నా అంటాను.

డాక్టర్: మా దగ్గరా అదే చెప్తారు, ఏం తిన్నావని గుచ్చి అడిగితే గానీ బయటపడదు. కొందరు షుగర్ మాత్ర వేసుకుని అన్నం మానేస్తారు, షుగర్ పడిపోయి కళ్లు తిరిగి పడతారు. పప్పు, గుడ్డు, పాలు లేకపోతే కండ కరిగిపోతుంది, లేచి నిలబడటమే కష్టమైతే ఇంక వంటెక్కడ?

యాంకర్: పింఛను 4000 వస్తోంది కదా?

అవ్వ: మాత్రలకి, కరెంటుకి, అంగట్లో బాకీకి పోతుంది. మనవరాలొస్తే చేతిలో ఏదో ఒకటి పెట్టాల కదా.

డీలర్: (నవ్వుతూ) సగం అక్కడికే పోతుందిలే!

యాంకర్: టౌన్లో అయితే అన్న క్యాంటీన్ ఉంది, 5 రూపాయలకి భోజనం.

డాక్టర్: పల్లె నుంచి ఆటోలో వచ్చి తినాలంటే భోజనం కంటే ఛార్జీ ఎక్కువ. ఊళ్లో బడి ఉంది, మధ్యాహ్నం వంట జరుగుతోంది, అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్డు ఉడుకుతోంది. అదే పొయ్యి మీద ముసలివాళ్లకీ ఇంకో గిన్నె పెట్టొచ్చు. తమిళనాడులో పింఛనుదారులని 1983లోనే మధ్యాహ్న భోజన పథకంలో చేర్చారు, ఇదేం కొత్త మాట కాదు.

డీలర్: సెలవులొస్తే? వంటామెకి అదనంగా ఎవరిస్తారు?

డాక్టర్: పంచాయతీ ముందు తేల్చాల్సింది అదే. ఊరికే చెయ్యమంటే ఆమె మాత్రం ఎన్నాళ్లు చేస్తుంది?

అవ్వ: గుడ్డు పెడితే మంచిదే. కానీ పిల్లోళ్లతో ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడేది నా వల్ల కాదు తల్లీ, క్యారియర్‌లో పంపితే తింటా.