బాబాయి, అబ్బాయి, ఇంకో రెండు గొంతులు

శ్రోతలకు నమస్కారం.

ఎల్విస్ ప్రెస్లీ పేరు విననివాళ్లు తక్కువ. కానీ కుర్రతనంలో ఆ ఎల్విస్‌కి ఒంటరిగా స్టేజీ మీద నిలబడి పాడాలన్న కోరిక కన్నా, నలుగురిలో ఒకడిగా పాడాలన్న కోరికే ఎక్కువగా ఉండేదని మన వైపు పెద్దగా తెలీదు. ఆయన నోరు తెరుచుకుని విన్న ఆ నలుగురి గురించి ఈ పూట చెబుతాను. వాళ్ల పేరు బ్లాక్‌వుడ్ బ్రదర్స్.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ల చర్చీల చుట్టూ పెరిగిన భక్తి సంగీతాన్ని సదరన్ గాస్పెల్ అంటారు. దాన్ని ఎక్కువగా పాడేది క్వార్టెట్, అంటే నలుగురు మగవాళ్ల జట్టు. పక్కన ఒక పియానో, అంతే. అవే ఊళ్లలో నల్లవాళ్ల క్వార్టెట్లూ ఉండేవి, గొప్పగా పాడేవి. ఒకరి పాట ఒకరు రేడియోలో విని నేర్చుకునేవాళ్లు. కానీ ఆ రోజుల్లో దక్షిణాదిలో చట్టమే తెల్లవాళ్లనీ నల్లవాళ్లనీ విడదీసి కూర్చోబెట్టేది. గాలిలో కలిసిన గొంతులు హాల్లో కలవడానికి వీల్లేదన్నమాట.

ముందు ఈ నాలుగు గొంతుల సంగతి కాస్త చెప్పుకోవాలి. మన భజనలో నలభై మంది పాడినా వరస ఒక్కటే. క్వార్టెట్‌లో అలా కుదరదు. లీడ్ అనేవాడు అసలు వరస పాడతాడు. అదే మాటని అదే క్షణంలో టెనర్ పై స్వరాల్లో ఇంకో వరసగా పాడతాడు. లీడ్‌కి కాస్త కిందుగా బారిటోన్ మరో వరస పట్టుకుంటాడు. అందరికన్నా అడుగున బేస్, నూతిలోంచి మాట్లాడినట్టు. నాలుగు దారుల్లో బయల్దేరి నలుగురూ ఒకేసారి ఊరు చేరాలి. ఒక్కడు పక్కవాడి దారిలోకి జారినా చెవికి తెలిసిపోతుంది. బారిటోన్ వరసని విడిగా వింటే అసలిది పాటేనా అనిపిస్తుంది, నాలుగైదు స్వరాల మధ్యే అటూ ఇటూ తచ్చాడుతూ ఉంటుంది. అది తీసేస్తే మాత్రం పాట బోసిపోతుంది. నాకైతే ఈ బారిటోన్ వాళ్లంటే కాస్త జాలి, బోలెడంత గౌరవం.

మన గుంటూరుకీ, ఒంగోలుకీ అమెరికా మిషనరీలు వచ్చినా, తెలుగు క్రైస్తవ కీర్తన పురుషోత్తమ చౌదరి గారిలాంటి వాళ్ల చేతుల్లో రాగతాళాలతో, పల్లవి చరణాలతో మన దారినే నడిచింది. నాలుగు వరసల పాట వినాలంటే క్వైర్ ఉన్న పెద్ద చర్చీలకి వెళ్లాలి. క్రిస్మస్ రోజుల్లో విన్నవాళ్లకి నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది.

సరే, ఈ క్వార్టెట్ల పుట్టుక వెనక ఒక వ్యాపారం ఉంది. టెనెసీ రాష్ట్రంలో లారెన్స్‌బర్గ్ అనే ఊళ్లో జేమ్స్ డి. వాన్ అనే ఆయన పాటల పుస్తకాలు అచ్చువేసేవాడు. పుస్తకం అమ్మాలంటే అందులోని పాట ఎలా ఉంటుందో జనానికి తెలియాలి కదా! 1910లో ఆయన జీతమిచ్చి నలుగురు పాటగాళ్లని ఊళ్ల మీదికి పంపాడు. వాళ్లు పాడతారు, జనం మురిసిపోతారు, పుస్తకాలు కొంటారు. చీరల కొట్టువాడు నలుగురి ముందు చీర మడత విప్పి పరిచినట్టే.

ఆ పుస్తకాల్లో ఒక చమత్కారం ఉండేది. చదువు అంతగా రాని రైతులు కూడా స్వరం చూసి పాడుకోవాలని, ఒక్కో స్వరానికి ఒక్కో ఆకారం పెట్టారు. మన లెక్కలో చెప్పాలంటే, 'స' ఒక త్రికోణం. 'గ' డైమండు. 'ప' గుండ్రం. 'ద' చదరం. ఏడు స్వరాలకీ ఏడు ఆకారాలు. గీతల మీద స్వరం ఎక్కడుందో లెక్కపెట్టుకోనక్కర్లేదు, బొమ్మ చూడగానే నోట్లోకి స్వరం వచ్చేస్తుంది. ఇది నేర్పడానికి ఊరూరా సింగింగ్ స్కూళ్లు పెట్టేవాళ్లు. పంట పనులు లేని రోజుల్లో చర్చిలోనో బడిలోనో ఓ రెండు వారాలు నడిచేవి. పగలంతా పత్తి తీసిన చేతులు అక్కడ తాళం వేసేవి.

అలాంటి పత్తి కుటుంబమే బ్లాక్‌వుడ్లది. మిసిసిపి రాష్ట్రం, చోక్టా కౌంటీ. సొంత భూమి లేదు, వేరేవాళ్ల పొలం పాలుకి దున్నుకునేవాళ్లు. 1934లో, అమెరికా అంతా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయిన రోజుల్లో, పాస్టర్‌గా ఊళ్లు తిరుగుతున్న పెద్దన్న రాయ్ కుటుంబంతో సహా సొంతూరు వైపు తిరిగొచ్చాడు. తమ్ముళ్లు డాయిల్, జేమ్స్ అప్పటికే పాడుతున్నారు. ముగ్గురయ్యారు. నాలుగోవాడు కావాలి. రాయ్ కొడుకు ఆర్.డబ్ల్యూ.ని కలుపుకున్నారు. వాడికి పదమూడేళ్లైనా పూర్తిగా నిండలేదు, వాడి బాబాయి జేమ్స్‌కి పదిహేను. బాబాయికీ అబ్బాయికీ రెండేళ్లే తేడా. పేరు బ్లాక్‌వుడ్ బ్రదర్స్ అని పెట్టుకున్నారు గానీ, అందులో అన్నదమ్ములు ముగ్గురే.

మొదట చుట్టుపక్కల చర్చీలు, తర్వాత చిన్న చిన్న రేడియో స్టేషన్లు. చివరికి డాలస్‌లోని స్టాంప్స్-బాక్స్‌టర్ అనే పాటల పుస్తకాల కంపెనీ వీళ్లని చేరదీసింది. 1940లో ఉత్తరాన ఎక్కడో అయోవా రాష్ట్రంలోని షెనండోవాకి పంపింది. అక్కడ కె.ఎం.ఎ. అనే రేడియో స్టేషన్ ఉంది. దాని ఓనరు ఎర్ల్ మే, విత్తనాల వ్యాపారి. రైతులకి విత్తనాలు అమ్ముకోవడానికి రేడియో పెట్టాడాయన! అంటే పుస్తకాల కంపెనీ పంపిన పాటగాళ్లు విత్తనాల కంపెనీ రేడియోలో దేవుడి పాటలు పాడారు. వింటున్న రైతుకి ఈ లెక్కలతో ఏం పని? ఆయన పొద్దున్నే పశువుల పని చూసుకుంటూ వినేవాడు, ఇంట్లో ఆవిడ పొయ్యి దగ్గర వినేది. రేడియోలో మాట్లాడేవాణ్ణి కాబట్టి నాకు ఈ భాగం మరీ ఇష్టం. మొహం కనపడకుండా ఒక ఇంటి మనిషి అయిపోవడం రేడియో పాటగాడికే చెల్లింది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, కాలిఫోర్నియా వెళ్లి యుద్ధ సామగ్రి తయారుచేసే చోట పనికి చేరారు. యుద్ధం అయ్యాక అయోవా తిరిగొచ్చారు. 1950లో మాత్రం మూటాముల్లె సర్దుకుని దక్షిణాదికే, టెనెసీలోని మెంఫిస్‌కి మారిపోయారు. అక్కడ వీళ్లకి అన్నీ కలిసొచ్చాయి. డబ్ల్యూ.ఎం.పి.ఎస్. రేడియోలో రోజువారీ కార్యక్రమం, 1952లో ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీతో రికార్డుల ఒప్పందం. ఎల్లిస్ ఆడిటోరియంలో తెల్లవార్లూ పాటల సభలు. మన ఊళ్లలో జాతరకి రాత్రంతా నాటకాలు చూసినట్టు, అక్కడ ఒక క్వార్టెట్ తర్వాత ఇంకో క్వార్టెట్ ఎక్కుతుంటే జనం కదలకుండా కూర్చునేవాళ్లు. పోటీ గట్టిగా ఉండేది. అట్లాంటా నుంచి వచ్చే స్టేట్స్‌మెన్ క్వార్టెట్ స్టేజీ ఎక్కిందంటే హాలు ఊగిపోయేది. వాళ్ల లీడ్ పేరు జేక్ హెస్. ఈ పేరు కాస్త గుర్తుంచుకోండి. చిత్రమేంటంటే ఈ రెండు జట్లూ పోటీపడి చెడిపోకుండా, 1952 నుంచి జతగా సభలు చేసుకున్నాయి.

ఆ సభలకే ఎల్విస్ వచ్చేవాడు. వాళ్లమ్మ గ్లాడిస్‌కి బ్లాక్‌వుడ్లంటే ప్రాణం. అప్పట్లో వేరే క్వార్టెట్‌లో బేస్ పాడుతున్న జె.డి. సమ్నర్ తర్వాత రోజుల్లో ఒక సంగతి చెప్పేవాడు. ఒకసారి ఈ కుర్రాడు సభకి రాలేదట. ఏం రాలేదని అడిగితే టికెట్‌కి డబ్బుల్లేవన్నాడట. ఈసారి స్టేజీ వెనక గుమ్మం దగ్గరికి రా, నేను లోపలికి పంపిస్తా అన్నాడట సమ్నర్. బ్లాక్‌వుడ్లకి సాంగ్‌ఫెలోస్ అని కుర్రాళ్ల జట్టు ఒకటి అనుబంధంగా ఉండేది. ఎల్విస్ అందులో చేరాలని పాడి వినిపించాడు, తీసుకోలేదు. గొంతు బాగానే ఉంది గానీ, తన వరస పట్టుకుని నిలబడలేడని, పక్కవాడు వరస మార్చగానే వాడి వెంట వెళ్లిపోతాడని అన్నారంటారు. నాలుగు దారులని ఇందాక చెప్పానే, ఆయన కాలు ఎప్పుడూ లీడ్ దారిలోకే వెళ్లేదన్నమాట.

1954 జూన్. న్యూయార్క్‌లో ఆర్థర్ గాడ్‌ఫ్రే నడిపే టాలెంట్ స్కౌట్స్ పోటీలో బ్లాక్‌వుడ్లు గెలిచారు. దేశమంతా విన్నది. అప్పటికి జట్టులో లీడ్ జేమ్స్, టెనర్ బిల్ షా, బారిటోన్ ఆర్.డబ్ల్యూ., బేస్ బిల్ లైల్స్. కార్లలో తిరిగే పని తప్పించుకోవడానికి రెండు ఇంజన్ల చిన్న విమానం కొనుక్కున్నారు. నడిపేది ఆర్.డబ్ల్యూ.నే.

అదే నెల 30న అలబామాలోని క్లాంటన్ అనే చిన్న ఊళ్లో పీచ్ పళ్ల పండగ. స్టేట్స్‌మెన్ వాళ్లూ వచ్చారు. పాడాల్సింది పాడారు, రాత్రికి ఇంకో కార్యక్రమం ఉంది. అది చిన్న ఎయిర్‌ఫీల్డు. చీకటి పడకముందే ఒకసారి లేచి చూసుకుందామని ఆర్.డబ్ల్యూ. అన్నాడు. పక్కన బిల్ లైల్స్ కూర్చున్నాడు, సరదాపడ్డ ఒక స్థానిక కుర్రాడూ ఎక్కాడు. విమానం లేచింది, తిరిగి దిగబోయింది. నేలని తాకి ఎగిరిపడి, నిట్టనిలువుగా పైకి లేచి, అందరూ చూస్తుండగా కిందపడి అంటుకుంది. జేమ్స్ మంటల్లోకి పరిగెత్తాడు. జేక్ హెస్ వెనక నుంచి ఒడిసిపట్టుకుని, గింజుకుంటున్నా వదలకుండా ఈవలకి మోసుకొచ్చాడు. ముగ్గురూ పోయారు. పదమూడేళ్ల వయసు నుంచీ పక్కన నిలబడి పాడిన అన్నకొడుకు, ముప్ఫై రెండేళ్లకి.

జూలై 2న మెంఫిస్‌లో, వాళ్లు పాడిన ఎల్లిస్ ఆడిటోరియంలోనే అంత్యక్రియల ప్రార్థన జరిగింది. వేలమంది వచ్చారు. ఆ జనంలో పంతొమ్మిదేళ్ల ఎల్విస్ కూడా ఉన్నాడు. సరిగ్గా మూడు రోజులకి, జూలై 5న, అదే ఊళ్లో సన్ అనే చిన్న స్టూడియోలో ఆయన మొదటి హిట్ పాట రికార్డయింది.

ఇక పాడను అన్నాడట జేమ్స్. కానీ రోజులు గడవకముందే ఖాళీ అయిన చోట్లు నింపక తప్పలేదు. బారిటోన్‌కి ఆర్.డబ్ల్యూ. తమ్ముడు సిసిల్ వచ్చాడు. క్వార్టెట్ మొదలైన 1934లోనే పుట్టినవాడు, ఎల్విస్‌ని తీసుకోని కుర్రాళ్ల జట్టులో పాడుతున్నవాడు. బేస్‌కి ఇందాక చెప్పిన సమ్నర్. అన్న వదిలిన వరసని అన్న గొంతు గుర్తున్న జనం ముందు పంతొమ్మిదేళ్లకి పాడటం ఎలా ఉండి ఉంటుందో! పైగా ఎవరూ పట్టించుకోని బారిటోన్ వరస. తప్పు పోతే తప్ప కనపడదు.

ఇక ఊళ్లు తిరిగే పద్ధతి మారింది. 1955లో సమ్నర్ ఒక పాత బస్సు కొనిపించి, సీట్లు పీకించి, లోపల పడకలు పెట్టించాడు. రాత్రంతా నిద్రపోతూ ప్రయాణం, పొద్దున్న లేచేసరికి ఇంకో ఊరు. ఈ రోజు అమెరికాలో పాటగాళ్లు ఇళ్లలాంటి బస్సుల్లో తిరుగుతారే, ఆ పద్ధతికి దారి చూపినవాళ్లలో వీళ్లు ముందుంటారు. ఆ దశాబ్దంలోనే క్వార్టెట్లన్నీ ఒకచోట చేరే నేషనల్ క్వార్టెట్ కన్వెన్షన్‌ని మెంఫిస్‌లో మొదలుపెట్టారు. గ్రామీ అవార్డులూ వచ్చాయి. 1960ల్లో స్టాంప్స్ పేరున్న ఒక పాటల ప్రచురణ కంపెనీనే కొనేశారు. పుస్తకాలు అమ్మిపెట్టిన కుర్రాళ్లు ఓనర్లయ్యారు.

1958 ఆగస్టులో గ్లాడిస్ చనిపోతే, ఎల్విస్ ప్రత్యేకంగా విమానం పెట్టించి బ్లాక్‌వుడ్లని రప్పించాడు. రెండు మూడు పాటలు అనుకున్నారు. ఒకటి అవగానే అమ్మకి ఇష్టమైన ఇంకో పాట అడిగేవాడట. అడుగుతూనే ఉన్నాడు, వాళ్లు పాడుతూనే ఉన్నారు. సమ్నర్ తర్వాత స్టాంప్స్ క్వార్టెట్‌కి మారి, 1971 నుంచి చివరిదాకా ఎల్విస్ వెనక నిలబడి బేస్ పాడాడు. ఎల్విస్ స్టేజీ పాటల చివర నేల అదిరేలా దిగిపోయే గొంతు వినపడితే, అది గుమ్మం తీసి లోపలికి పంపిన మనిషిదే. 1977 ఆగస్టులో ఎల్విస్ అంత్యక్రియల్లోనూ జేమ్స్, సమ్నర్ ఇద్దరూ పాడారు.

జేమ్స్ 2002 దాకా బతికాడు. 1981లో, అరవై దాటాక, సొంత క్వార్టెట్‌ని పిల్లలకీ సిసిల్‌కీ వదిలి, పాత స్నేహితులతో ఇంకో జట్టు కట్టాడు. పేరు మాస్టర్స్ ఫైవ్. ఊరూరా తిరిగి, రాత్రుళ్లు మళ్లీ బస్సులో నిద్రపోయారు. బేస్ సమ్నర్‌ది. జేమ్స్ పక్కన నిలబడి పాడినవాళ్లలో ఒకడు, క్లాంటన్‌లో ఆయన్ని మంటల్లోకి పోనివ్వకుండా పట్టుకున్న జేక్ హెస్.

నమస్కారం.