స్మారక స్కాలర్‌షిప్ నిధి నుంచి ఏటా ఎంత ఇవ్వవచ్చు? షీటులో లెక్క

నమస్కారం. స్క్రీన్ మీద ఖాళీ షీటు కనిపిస్తోంది కదా. అమెరికాలో పిల్లలను క్యాథలిక్ హైస్కూల్లో చదివిస్తున్న మనవాళ్లు తరచూ అడిగే లెక్క ఇవాళ ఇందులో వేద్దాం. నాన్నగారి పేరుతో స్కూల్లో శాశ్వతంగా ఒక స్కాలర్‌షిప్ పెట్టాలి. కట్టిన డబ్బును స్కూలు పెట్టుబడిగా పెట్టి, ఏటా అందులో కొంత శాతమే స్కాలర్‌షిప్‌గా ఇస్తుంది. ఎంత కట్టాలి? ఏటా పిల్లలకు ఎంత అందుతుంది?

ముందు పేర్ల సంగతి, త్వరగా. పోయినవారి జ్ఞాపకంగా పెడితే మెమోరియల్. ఉన్నవారి గౌరవార్థం పెడితే, అంటే రిటైరవుతున్న లెక్కల టీచరో, బాస్కెట్‌బాల్ కోచో, ప్రిన్సిపాల్ సిస్టరో అనుకోండి, ఆనరరీ. లెక్కకు రెండూ ఒకటే. ఒప్పందం రాసేటప్పుడు మాత్రం ఆనరరీ అయితే ఒక వాక్యం ఎక్కువ రాయించుకోండి: ఆ వ్యక్తి తదనంతరం ఇదే నిధి మెమోరియల్‌గా కొనసాగుతుందని. ఆ సమయంలో కుటుంబం దగ్గరికి కాగితాలు పట్టుకుని వెళ్లే అవసరం ఉండదు.

సరే, షీటు. ఏ (A) కాలమ్‌లో సంవత్సరం, బీలో నిధి విలువ, సీలో సగటు, డీలో ఇవ్వగల మొత్తం. పైన హెచ్ ఒకటి గడిలో 4 శాతం. ఈ 4 ఎక్కడిది అంటారా, చాలా సంస్థలు ఏటా నిధిలో 4 నుంచి 5 శాతం మధ్య ఖర్చు పెడతాయి. మీ స్కూలు శాతం ఎంతో డెవలప్‌మెంట్ ఆఫీసులో, అంటే విరాళాలు చూసే విభాగంలో, అడిగి ఇక్కడ మార్చుకోండి. హెచ్ ఒకటికి రంగు వేస్తున్నాను, పసుపు. నేను మార్చదగ్గ గడులన్నిటికీ పసుపే వేస్తాను, మిగతావి ముట్టుకోను.

ఇప్పుడు మూడేళ్ల విలువలు. ఉదాహరణకే సుమా. నాలుగో వరుసలో 1,00,000 డాలర్లు, ఐదులో 1,12,000, ఆరులో 94,000. రెండు, మూడు వరుసలు ఖాళీగా వదిలాను, చూశారా? కావాలనే వదిలాను. ఇక్కడ కొంచెం ఆగుదాం.

స్కూలు ఈ ఏడాది విలువ ఒక్కటే చూసి 4 శాతం ఇవ్వదు. మార్కెట్ లేచిన ఏడు పిల్లవాడికి ఎక్కువ, పడిన ఏడు తక్కువ అయితే ఆ ఇంట్లో ఫీజు లెక్క తలకిందులు అవుతుంది. అందుకే సాధారణంగా మూడేళ్ల సగటు తీసి, దాని మీద శాతం కడతారు. కొన్నిచోట్ల పన్నెండు త్రైమాసికాల సగటు. మనం మూడు ఏళ్లతో చేద్దాం. సీ నాలుగులో ఈక్వల్స్, యావరేజ్, బీ రెండు నుంచి బీ నాలుగు దాకా. ఎంటర్. కిందికి లాగండి. కంట్రోల్ డీ కూడా పని చేస్తుంది, నాకు అదే అలవాటు, మౌస్ పట్టుకుని లాగితే ఎక్కడో చెయ్యి జారుతుంది.

చాలామంది తడబడేది ఇక్కడే. నిధి పుట్టక ముందు ఏళ్లలో విలువ లేదు కదా అని ఆ ఖాళీ గడుల్లో సున్నా వేస్తారు. వేసి చూపిస్తాను. బీ రెండులో సున్నా, బీ మూడులో సున్నా. సగటు చూడండి, లక్ష ఉండాల్సింది 33,333 అయింది. దాని మీద 4 శాతం 1,333 డాలర్లు. ఇవ్వాల్సింది 4,000! రెండో ఏడు కూడా తప్పే, 4,240 రావాల్సిన చోట 2,827 వస్తుంది. యావరేజ్ ఫార్ములా ఖాళీ గడిని వదిలేస్తుంది, సున్నాను మాత్రం ఒక విలువగానే లెక్కపెడుతుంది. కాబట్టి సున్నాలు తీసేయండి. ఖాళీ. డిలీట్. ఆ, మళ్లీ లక్ష వచ్చింది.

మరో చిక్కు. మధ్యలో మీ తమ్ముడు ఇంకో 50,000 వేశాడనుకోండి. మూడేళ్ల సగటులో ఆ డబ్బు మొదటి ఏడు మూడో వంతే కనిపిస్తుంది. స్కూలు మోసం చేస్తోందని అనుకోకండి, సగటు తీరే అంత.

డీ కాలమ్ సులువు. సీ నాలుగు ఇంటూ హెచ్ ఒకటి, హెచ్ ఒకటి మీద ఎఫ్ నాలుగు మీట నొక్కండి, డాలర్ గుర్తులు పడతాయి. నొక్కకపోతే కిందికి లాగినప్పుడు శాతం గడి కూడా జారిపోతుంది. ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాల్సి రావచ్చు. లాగండి. 4,000, 4,240, 4,080. మూడో ఏడు నిధి 94,000కు పడినా పిల్లవాడికి 4,080 అందుతోంది. సగటుతో వచ్చిన లాభం అదే.

అయితే ఆ 94,000 మనం ఇచ్చిన లక్ష కంటే తక్కువ. ఇక్కడివాళ్లు దీన్ని నీట మునిగిన నిధి అంటారు. కండిషనల్ ఫార్మాటింగ్‌తో ఎరుపు పెడుతున్నాను, లక్ష కంటే తక్కువైతే ఎరుపు, అంతే. ఇలాంటి నిధుల మీద రాష్ట్రాలు తీసుకోవడానికి రాసిపెట్టిన 1972 నాటి నమూనా చట్టం ప్రకారం అయితే మొదట ఇచ్చిన మొత్తం కంటే కిందికి వెళ్లి ఖర్చు పెట్టకూడదు. 2006లో వచ్చిన కొత్త నమూనా చట్టం వివేకంతో ఖర్చు పెట్టుకోనిస్తుంది. పెన్సిల్వేనియా తప్ప మిగతా రాష్ట్రాలు దాన్ని తీసుకున్నాయి. ఎరుపు కనిపించిన ఏడు స్కూలు ఏం చేస్తుంది, ఆపుతుందా, తగ్గిస్తుందా, అదే ఇస్తుందా? ఒప్పందంలో రాయించండి.

ఇంకో రెండు కాలమ్‌లు. ఈలో ఫీజు, ఎఫ్‌లో ఫీజులో మన స్కాలర్‌షిప్ ఎన్నో వంతు. ఇవాళ ఫీజు 12,000 అనుకుంటే 4,000 అంటే మూడో వంతు. ఫీజు ఏటా 5 శాతం పెరిగితే పదిహేనేళ్లకు దాదాపు 24,950. వచ్చిన రాబడి అంతా పంచేసి నిధిని లక్ష దగ్గరే ఉంచితే ఆ 4,000 ఆరో వంతుకు దిగుతుంది. మన ఊరి స్కూళ్లలో తాతగారి పేరుతో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి పదో తరగతి ఫస్టుకు వడ్డీ ఇచ్చే బహుమతులు ఉండేవి కదా, అవి నోటు పుస్తకం ఖరీదుకు పడిపోయింది ఇలాగే. నిధి 7 శాతం సంపాదించి 4 ఖర్చు పెట్టి మిగతా 3 లోపలే ఉంచితే పదిహేనేళ్లకు సుమారు 6,230 ఇవ్వగలదు. అయినా ఫీజులో నాలుగో వంతే.

పెద్ద నిధికీ ఈ బాధ తప్పదు. న్యూయార్క్‌లో రీజిస్ హైస్కూల్ ఉంది, జెస్యూట్లు అనే క్యాథలిక్ సన్యాసుల సంఘానిది. 1914లో మొదలైంది, మాజీ మేయర్ హ్యూ గ్రాంట్ భార్య జూలియా గ్రాంట్ ఇచ్చిన డబ్బుతో. ఇప్పటికీ ట్యూషన్ ఫీజు లేదు. అయినా ఆ పాత నిధి ఒక్కటే చాలదు, పూర్వ విద్యార్థులు ఏటా విరాళాలు ఇస్తూనే ఉంటారు. మీ షీటులోనూ ఏటా కొత్తగా వేయబోయే మొత్తానికి జీ కాలమ్ పెట్టుకోండి.

అర్హతల సంగతి ఒక్క మాట. వయొలిన్ వాయించే, ఫలానా పారిష్ (చర్చి పరిధి) నుంచి వచ్చిన, తొంభై శాతం మార్కుల విద్యార్థి అని రాస్తే కొన్నేళ్లు ఎవరూ దొరకరు. "ప్రాధాన్యం" అని రాయండి, "మాత్రమే" అని రాయకండి. మా అబ్బాయికే ఇవ్వాలి అంటే కుదరదు. ఫలానా పిల్లవాడికని కేటాయించిన డబ్బుకు విరాళంగా పన్ను మినహాయింపు రాదు. ఎంపిక స్కూలు కమిటీది.

ఈ షీటు లింకు కింద పెట్టాను. కాపీ చేసుకుని పసుపు గడులు మాత్రమే మార్చండి. రెండు, మూడు వరుసలు ఖాళీగానే ఉంచండి.