దొంగ సీడీ తెలుగుకు ఎంతకు పడింది?

సభకు నమస్కారం. పైరసీ చట్టం గురించి చెప్పమన్నారు. అది రెండు మాటల్లో అయిపోతుంది: సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. కంపెనీల నష్టం లెక్క కంపెనీలే వేసుకుంటాయి. తెలుగు నష్టపోయిన లెక్క ఎవరు వేయాలి?

1998లో బిల్ గేట్స్ చైనా గురించి మాట్లాడుతూ, ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మాదే దొంగిలించాలి, అలవాటు పడ్డాక వసూలు సంగతి చూసుకుంటాం అన్నాడు. కంప్యూటర్ మీద పేజీలు కూర్చే మన డీటీపీ షాపుల్లో అలవాటు పడటం వరకూ సరిగ్గా అలాగే జరిగింది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ దొంగ కాపీ, దానిమీద ‘అను’ అనే తెలుగు ఫాంట్లు. ప్రెస్సులో ఫైలు తెరుచుకోవాలి గనక పెళ్లికార్డుల షాపూ అదే, పక్క షాపూ అదే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత పెద్ద వెర్షనే లేదు, దానికి యూనికోడ్, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే ఒకే కోడ్, రాదు. అదే సంవత్సరం విండోస్ ఎక్స్‌పీ గౌతమి యూనికోడ్ ఫాంటుతో వచ్చింది. అయినా మనం కదల్లేదు. అదే పని చేసే స్క్రైబస్ ఉచితమే, కానీ పేజ్‌మేకరూ ఊరికే వస్తుంటే ఆ ఉచితానికి విలువేముంది? డబ్బు పెట్టి కొత్త తెలుగు ఫాంటు గీసేవాడు ఎవరికి అమ్ముకోవాలి?

‘స్త్రీ’ తీసుకోండి. యూనికోడ్‌లో ఆరు కోడ్లు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. అను లాంటి పాత ఫాంటు అక్షరాన్ని దాచదు, ఆకారం ముక్కల్ని దాస్తుంది. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తే ఇంగ్లిష్ గుర్తుల చెత్త కనిపిస్తుంది. అలా కూర్చిన పుస్తకాలు, పత్రికలు ఏ వెతుకులాటకూ దొరకవు.

అయ్యా, అమ్మా, చేతులు జోడించి అడుగుతున్నా. పాత ఫైళ్లు చెరిపేయకండి! యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఫైలంతా ఒకేసారి కన్వర్టర్‌లో పోయకండి. మధ్యలో వేరే ఫాంటులో ఉన్న ఇంగ్లిష్ పేర్లు కూడా తెలుగు చెత్తగా మారిపోతాయి. ముందు ఫాంటును బట్టి విడదీయండి. ఒక్క పేజీ మార్చి క్ష్మి, ర్త్య, స్త్రీ లాంటివి అచ్చుప్రతితో పోల్చండి, తర్వాతే మిగతాది. పేజ్‌మేకర్ తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో పెడితే అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకోండి, లేకపోతే వత్తులు విడిపోతాయి. ఏ ఫైలు ఏ ఫాంటు వెర్షనో ఫోల్డరు పేరులోనే రాయండి. ఆ సంగతి తెలిసిన ఆపరేటరు షాపు మానేసే లోపు రాయండి.